అడవి లెక్క ఎవరు చూస్తే మేలు?

విజయవాడ వాళ్లకు కొండపల్లి, గుంటూరు వాళ్లకు కొండవీడు. ఊరికి దగ్గర్లో మిగిలిన అడవి అంటే మనకు ముందు గుర్తొచ్చేవి ఇవే. రెండు చోట్లా రిజర్వు ఫారెస్టు ఉంది. ఆ భూమి ప్రభుత్వానిది, కాబట్టి మన అందరిదీ. అక్కడ మన డబ్బుతో మొక్కలు నాటుతారు, కందకాలు తవ్వుతారు, చెక్‌డ్యాములు కడతారు. ఆ పనులు సరిగ్గా జరిగాయని పని చేయించిన శాఖే చెబితే సరిపోదని అందరూ ఒప్పుకుంటారు. మరి బయటి నుంచి వచ్చి చూడాల్సింది ఎవరు? ప్రభుత్వ ఖర్చుల లెక్కలు తనిఖీ చేసే కాగ్ చాలునా? సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలను పిలవాలా? ఉపాధి హామీలో చేసినట్టు సామాజిక తనిఖీ పెట్టాలా? కోర్టు కమిటీలను నమ్ముకోవాలా? లేక కెనడాలో ఒక రాష్ట్రం చేసినట్టు అడవుల కోసమే స్వతంత్ర బోర్డు ఒకటి కావాలా?

వీటిని పోల్చేటప్పుడు నేను అన్నింటికన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది. ఏ ప్లాటు, అంటే మొక్కలు నాటిన ఏ చోటు చూడాలో ఎవరు ఎంచుకుంటున్నారు? చూసేవాళ్లు ఎంత నిజాయితీపరులైనా, ఎక్కడికి తీసుకెళ్లాలో చూపించేవాళ్లే నిర్ణయిస్తే ఆ తనిఖీకి విలువ సగానికి సగం పోతుంది.

ఎందుకంటే మొక్కల లెక్క రోడ్డు లెక్క లాంటిది కాదు. మూడు మీటర్లకు ఒకటి చొప్పున నాటితే హెక్టారుకు 1,111 గుంతలు పడతాయి. జూలై వానలకు నాటిన మొక్క అక్టోబరులో ఎక్కడ చూసినా పచ్చగానే ఉంటుంది. అసలు పరీక్ష ఏప్రిల్, మే నెలల్లో. మన కొండల మీద మట్టి పొర పలచన, కింద రాయి. ఆ రాయి కాగి వేరు మాడిపోతుంది. మేకలు కొరికేస్తాయి, ఎండుగడ్డికి ఎవరో నిప్పు పెడతారు. చచ్చిన చోట మళ్లీ వానలు పడగానే కొత్త మొక్క పెడతారు, దాన్ని గ్యాప్ ఫిల్లింగ్ అంటారు. అది తప్పేమీ కాదు, పెట్టాల్సిందే. కానీ తనిఖీ మేలో జరిగితే ఒక శాతం వస్తుంది, ఆగస్టులో జరిగితే ఇంకో శాతం వస్తుంది. జీపు ఆగే చోట ఉన్న వరసలు లెక్కపెడితే ఒక మాట, వాగు దాటి పైకి ఎక్కి వెనకవైపు వరసలు లెక్కపెడితే ఇంకో మాట. ఎండిపోయిన పుల్ల పక్కన చిన్న చిగురు ఉంటే దాన్ని బతికినట్టు రాయాలా, చచ్చినట్టు రాయాలా అన్నది కూడా రాసేవాడి చేతిలోనే ఉంటుంది.

ఇందులో డబ్బు కూడా చిన్నది కాదు. గనికో రోడ్డుకో ప్రాజెక్టుకో అడవి భూమి ఇచ్చినప్పుడు, తీసుకున్నవాళ్లు వేరే చోట అడవి పెంచడానికి అయ్యే ఖర్చునూ, పోయిన అడవి విలువనూ కట్టాలి. ఆ సొమ్ము కాంపా నిధికి చేరుతుంది. దీనికి 2016లో చట్టం వచ్చింది. 2019 ఆగస్టులో కేంద్రం రాష్ట్రాలకు ఒకేసారి 47,436 కోట్లు విడుదల చేసింది, అందులో ఆంధ్రప్రదేశ్ వాటా 1,700 కోట్లు దాటింది. ఇది ఎక్కడో కొట్టేసిన చెట్లకు బదులుగా వచ్చిన సొమ్ము. ఈ డబ్బుతో నాటిన మొక్క చచ్చిపోతే అడవి రెండోసారి పోయినట్టే.

ముందు కాగ్ సంగతి. స్వతంత్రతలో దానికి సాటి ఇంకొకటి లేదు. రాజ్యాంగం ఇచ్చిన పదవి అది, రాష్ట్ర ప్రభుత్వం దయ మీద ఆధారపడింది కాదు. ఏ డివిజన్ ఫైళ్లు తియ్యాలో వాళ్లే నిర్ణయించుకుంటారు, కాబట్టి నా ప్రశ్నకు కాగ్ దగ్గర మంచి జవాబే ఉంది. ఫలితాలు కూడా ఉన్నాయి. పరిహార అటవీకరణ మీద 2013లో ఇచ్చిన నివేదికలో కాగ్ ఒక లెక్క తేల్చింది. 2006 నుంచి 2012 వరకు దేశం మొత్తమ్మీద అటవీ శాఖలకు బదులుగా రావాల్సిన అటవీయేతర భూమి 1,03,381 హెక్టార్లు. వచ్చింది 28,086 హెక్టార్లు. అందులో మొక్కలు నాటింది 7,280 హెక్టార్లలో. రావాల్సిన భూమిలో అది ఏడు శాతం. ఈ అంకె కాగ్ తియ్యకపోతే ఎప్పటికీ బయటికి వచ్చేది కాదు. 2025 ఫిబ్రవరిలో ఉత్తరాఖండ్ శాసనసభ ముందుకు వచ్చిన నివేదికలో, కాంపా డబ్బుతో ఐఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు కొన్న సంగతి కూడా కాగ్ బయటపెట్టిందే.

ఇక్కడే దాని లోపం కూడా ఉంది. ఉత్తరాఖండ్ నివేదిక పరిశీలించిన కాలం 2019 నుంచి 2022. అది సభ ముందుకు వచ్చేసరికి 2025. మొక్క బతుకు మొదటి మూడు వేసవుల్లో తేలిపోతుంది. అంటే కాగ్ చెప్పేసరికి చచ్చినవి చచ్చి, ఆ రేంజర్ బదిలీ అయి, కాంట్రాక్టు బిల్లు ఎప్పుడో పాసై ఉంటుంది. ఎవరు తిన్నారో తెలుస్తుంది గానీ మొక్క బతకదు. పైగా కాగ్ సిబ్బంది లెక్కల మనుషులు. ఫైల్లో తేడా పట్టుకోవడంలో వాళ్లకు తిరుగులేదు. క్షేత్రంలోకి వెళ్లినప్పుడు మాత్రం అటవీ శాఖ వాళ్లతో కలిసే తిరిగి చూస్తారు, అదీ నమూనాగా కొన్ని చోట్లే. రాష్ట్రానికో, ఒక పథకానికో పెద్ద బొమ్మ కావాలంటే కాగ్‌ను మించింది లేదు. ఫలానా కొండ మీద ఫలానా తోట ఈ వేసవికి ఎలా ఉందో కావాలంటే అది కాగ్ చేసే పని కాదు.

థర్డ్ పార్టీ మూల్యాంకనం అని ఇంకొకటుంది. శాఖే టెండరు పిలిచి ఒక సంస్థకో యూనివర్సిటీకో పని అప్పగించి, రిపోర్టు తీసుకుంటుంది. మంచి మనుషుల చేతిలో పడితే మంచి రిపోర్టే వస్తుంది. కానీ డబ్బులిచ్చేదీ, ప్లాట్ల జాబితా ఇచ్చేదీ, చివరికి రిపోర్టు తీసుకుని అల్మారాలో పెట్టేదీ ఒకరే అయినప్పుడు దాన్ని స్వతంత్రం అనలేను. వచ్చే ఏడాది కూడా ఆ పని తమకే రావాలని ఆ సంస్థకు ఉంటుంది కదా.

అడవిని సరిగ్గా పెంచుతున్నారని బయటి సంస్థ సర్టిఫికెట్ ఇవ్వడం, అంటే సర్టిఫికేషన్, దీనికన్నా ఒక మెట్టు పైన. 1993లో పుట్టిన ఎఫ్ఎస్‌సీ, 1999లో వచ్చిన పీఈఎఫ్‌సీ ఈ పనిలో ప్రపంచంలో పేరున్న సంస్థలు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2023 డిసెంబరులో సొంతంగా ఇండియన్ ఫారెస్ట్ అండ్ వుడ్ సర్టిఫికేషన్ స్కీమ్ తెచ్చింది. ఇందులో ప్రమాణాలు ముందే రాసి ఉంటాయి. ఎఫ్ఎస్‌సీ అయితే ఏటా ఆడిటర్ వస్తాడు, ఐదేళ్లకు సర్టిఫికెట్ మళ్లీ తీసుకోవాలి, ఆడిట్ సారాంశం జనం చూసేలా పెడతారు. కూలీల భద్రత, పక్క గ్రామాల హక్కులు కూడా చూస్తారు. కలప, కాగితం గుజ్జు అమ్ముకునేవాళ్లకు ఇది పనికొస్తుంది. విదేశీ కొనుగోలుదారు సర్టిఫికెట్ అడుగుతాడు, అది పోతే ఆర్డర్ పోతుంది, ఆ భయం పనిచేస్తుంది. జామాయిల్ తోటలు పెంచి అమ్మే అటవీ అభివృద్ధి సంస్థల విషయంలో దీన్ని నేను గట్టిగా సమర్థిస్తాను. కానీ కొండపల్లి, కొండవీడు అడవుల నుంచి మార్కెట్టుకు వెళ్లేదేముంది? అమ్మేది లేనప్పుడు సర్టిఫికెట్ పోతుందన్న భయమూ లేదు. ఎఫ్ఎస్‌సీ పుట్టినప్పటి నుంచీ సభ్యురాలిగా ఉన్న గ్రీన్‌పీస్ ఇంటర్నేషనల్ 2018లో ఆ సభ్యత్వాన్ని కొనసాగించకుండా వదులుకోవడం కూడా మనం గుర్తుపెట్టుకోవాలి.

ఉపగ్రహం ఉందిగా, ఇంకా మనుషులెందుకు అనేవాళ్లకు ఒక మాట. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో, కనీసం ఒక హెక్టారు నేల మీద పది శాతం చెట్ల నీడ ఉంటే అది అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా పర్వాలేదు. ఆ లెక్కన నూజివీడు మామిడి తోట కూడా అడవే, నందిగామ వైపు సుబాబుల్ చేలు కూడా అడవే. కొండ మీద మూడడుగుల మొక్కలు వెయ్యి చచ్చినా ఆ ఫొటోలో తేడా కనపడదు. పెద్ద చెట్లు కొట్టేసినా, గ్రావెల్ కోసం కొండ తవ్వేసినా మాత్రం ఉపగ్రహం బాగా పట్టిస్తుంది. దాన్ని ఆ మేరకు వాడుకోవాలి.

సామాజిక తనిఖీ దగ్గర నేను కాసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది మన గడ్డ మీద ఎదిగిన పద్ధతి. ఉపాధి హామీ చట్టం 2005లో వస్తే, 17వ సెక్షన్ పనుల లెక్క చూసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే ఉంచేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే మొదలుపెట్టి, 2009లో దానికోసం విడిగా సొసైటీ పెట్టింది. తనిఖీకి వచ్చినవాళ్లు ఇంటింటికీ తిరిగి మస్టరులో పేరున్న ప్రతి కూలీని అడుగుతారు, పనుల కొలతలు తీస్తారు, తేలినవి గ్రామసభలో చదువుతారు, తర్వాత మండలంలో ప్రజావేదిక పెడతారు. ఇక్కడ ప్లాటు ఎంచుకునే గొడవే లేదు, ఎందుకంటే ఊళ్లో జరిగిన పనులన్నీ చూస్తారు.

పల్నాడులో ఒక మండలంలో జరిగిన ప్రజావేదికకు నేను వెళ్లాను. రోడ్డు పక్క మొక్కల విషయం వచ్చింది. రెండు పక్కలా ఐదు మీటర్లకు ఒకటి చొప్పున కిలోమీటరుకు 400 మొక్కలు రికార్డులో ఉన్నాయి. తనిఖీ చేసినవాళ్లకు దొరికినవి మూడు వందలు కూడా లేవు. నీళ్లు పోశామని బిల్లు ఉంది. వెనక వరసలో కూర్చున్న ఒకామె లేచింది. "సారూ, ఆ ట్యాంకరు మా ఇంటి ముందు నుంచే పోవాలి. ఎండాకాలం రెండు నెలలు రాలేదు. వస్తే బిందె పట్టుకుని నేనే ఎదురెళ్లేదాన్ని గదా!" అంది. హాలంతా ఒక్కసారి మాట్లాడటం మొదలుపెట్టింది. ట్యాంకరు ఎవరిది, డీజిలు ఎవరు పోశారు, పక్క ఊరికి ఎన్ని ట్రిప్పులు వెళ్లింది, అన్నీ పది నిమిషాల్లో బయటికొచ్చాయి. ఈ సాక్ష్యం ఏ లెక్కల నిపుణుడికి దొరుకుతుంది? ఫైల్లో ట్యాంకరు బిల్లు పక్కాగా ఉంది.

అడవిలో కూడా ఇలా తెలిసినవాళ్లు ఉంటారు. కొండపల్లి బొమ్మలు చేసేది తెల్ల పొణికి కర్రతో. తేలికైన మెత్తటి కర్ర అది, చుట్టుపక్కల కొండల మీదే పెరిగేది, ఇప్పుడు దొరకడం కష్టమైపోయింది. ఒక తోటలో 80 శాతం మొక్కలు బతికాయని రిపోర్టు వస్తే మనం సంతోషిస్తాం. ఆ 80 శాతం ఏ మొక్కలు? కానుగ, వేప బతికి, పొణికి మొత్తం పోయినా శాతం బాగానే కనిపిస్తుంది. బొమ్మల కాలనీలో కర్ర చెక్కే పెద్దవాళ్లను ఇద్దరిని ఆ తోటలోకి తీసుకెళ్తే, ఆకు చూసి పొణికి ఎక్కడుందో ఎక్కడ లేదో చెప్పేస్తారు. వాళ్ల బతుకు దాని మీదే ఉంది కాబట్టి వాళ్లు మొహమాటపడరు.

లోపాలు లేవని కాదు. తనిఖీలో తేలిన సొమ్ములో తిరిగి వసూలయ్యేది తక్కువ, చర్యలు నత్తనడక నడుస్తాయి. ఊళ్లో పెత్తనం చేసేవాళ్లు తనిఖీకి వచ్చిన పిల్లలను బెదిరించడమో మంచి చేసుకోవడమో జరుగుతుంది. కర్ర విలువ, కందకం వాలు, ఏ నేలకు ఏ మొక్క లాంటివి పదో తరగతి చదివిన గ్రామీణ యువకుడికి వారం రోజుల శిక్షణతో వచ్చేవి కావు. నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వు లోపల, చుట్టూ ఊరే లేని చోట, తనిఖీ చెయ్యడానికి గ్రామసభ ఎక్కడి నుంచి వస్తుంది? ఇంకో చిక్కు కూడా ఉంది. ఊళ్లో కొందరికి అడవి భూమి మీదే కన్ను ఉంటుంది. అక్కడ మొక్క బతకకూడదని కోరుకునేవాళ్లే లెక్క చూడటానికి వస్తే ఎలా? అందుకే సామాజిక తనిఖీ ఒక్కదానికే అంతా అప్పగించడం నాకు ఇష్టం లేదు.

కోర్టు కమిటీల సంగతి మన ప్రాంతానికి బాగా తెలుసు. అడవుల రక్షణ మీద నడిచిన గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 2002లో సీఈసీని, అంటే సెంట్రల్ ఎంపవర్డ్ కమిటీని వేసింది. ఆ కమిటీ చెప్పాకే 2006లో కొల్లేరు అభయారణ్యంలో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. అంత పని ఏ శాఖా సొంతంగా చేసి ఉండేది కాదు. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్ కంచ గచ్చిబౌలిలో చెట్లు నరుకుతుంటే ఆపింది కూడా సుప్రీంకోర్టే, వెళ్లి చూసి రమ్మన్నది సీఈసీనే. బలం విషయంలో దీనికి మించింది లేదు. కానీ అక్కడిదాకా చేరాలంటే నష్టం కళ్లకు కట్టేంత పెద్దదై ఉండాలి, లేదా ఢిల్లీలో లాయరును పెట్టుకునే స్తోమత ఉండాలి. కమిటీ వెళ్లిపోయాక ఏళ్ల తరబడి కాపలా ఎవరు కాయాలి? కొల్లేరులో చెరువులు మళ్లీ లేచాయి. 2023లో కేంద్రం సీఈసీని శాశ్వత సంస్థగా మార్చింది గానీ, సభ్యులను నియమించేది కేంద్రమే.

ఇక కెనడా బోర్డు. బ్రిటిష్ కొలంబియాలో భూమి 95 శాతం దాకా ప్రభుత్వానిదే. కలప కంపెనీలు లైసెన్సు తీసుకుని అందులో చెట్లు కొడతాయి. 1993లో క్లేయోక్వాట్ సౌండ్ అనే చోట పాత అడవిని కొట్టనివ్వమని జనం రోడ్డుకు అడ్డం కూర్చున్నారు, 800 మందికి పైగా అరెస్టయ్యారు. ఆ వేడిలో కొత్త అటవీ నిబంధనలు వచ్చాయి, వాటితో పాటే 1995లో ఫారెస్ట్ ప్రాక్టీసెస్ బోర్డు వచ్చింది. నాకు అందులో నచ్చినవి కొన్ని ఉన్నాయి. అది కంపెనీలనే కాదు, నిబంధనలు అమలు చెయ్యాల్సిన ప్రభుత్వ శాఖనూ ఆడిట్ చేస్తుంది. ఎవరి పని చూడాలో బోర్డే, ఎక్కువగా లాటరీ పద్ధతిలో ఎంచుకుంటుంది. మామూలు మనిషి ఎవరైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు, దాన్ని బోర్డు పట్టించుకుని తీరాలి. రిపోర్టులన్నీ బయటపెడుతుంది. వెళ్లేవాళ్లలో ఫారెస్టరు, జీవశాస్త్రం తెలిసినవాళ్లు, ఇంజినీరు ఉంటారు.

జరిమానా వేసే అధికారం మాత్రం దానికి లేదు. సిఫారసు చేస్తుంది, ప్రభుత్వం వింటే విన్నట్టు, లేకపోతే లేదు. 2004లో అక్కడి చట్టం కంపెనీలకు వెసులుబాటు పెంచాక, చట్టం ప్రకారం తప్పు లేదు గానీ అడవికి మాత్రం మంచి జరగలేదని బోర్డు రాయాల్సి వచ్చిన సందర్భాలున్నాయి. చట్టం వదులుగా ఉంటే ఎంత మంచి ఆడిటర్ అయినా అంతకు మించి చెయ్యలేడు. మన పరిస్థితి కూడా వేరు. రిజర్వు ఫారెస్టులో మనకు పెద్ద కలప కంపెనీలు లేవు. మన సమస్యలు కాగితం మీద తోటలు, అంచుల్లో గ్రావెల్ తవ్వకం, ఆక్రమణలు, నిప్పు. ఇక్కడ బోర్డు పెడితే దాని పని అక్కడి నమూనాకు నకలుగా ఉండకూడదు.

ఇన్ని చెప్పాక నా ఓటు ఎటు అంటే, ఊరికి ఆనుకుని ఉన్న తోటలకు సామాజిక తనిఖీ, లోపలి అడవికీ అంచుల తవ్వకాలకూ ఫిర్యాదు తీసుకునే స్వతంత్ర బోర్డు. రెండింట్లో ఒక్కటే ఎంచుకోమంటే ముందు సామాజిక తనిఖీనే ఎంచుకుంటాను. మనుషులున్నారు, అనుభవం ఉంది, కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. కాంపా నిబంధనలు కొన్ని పనుల దగ్గర గ్రామసభనో వన సంరక్షణ సమితినో సంప్రదించమని ఇప్పటికే చెబుతున్నాయి. నాటే ముందు సంప్రదించినవాళ్లకే, నాటాక మే నెలలో లెక్కపెట్టే పని కూడా అప్పగిస్తూ రాష్ట్రం ఒక జీవో ఇస్తే చాలు. వాళ్ల పక్కన వేరే జిల్లా నుంచి వచ్చిన ఫారెస్ట్రీ చదివిన మనిషి ఒకరు ఉండాలి. గ్రామసభలో చదివిన ప్రతి తోట లెక్కా రాష్ట్రంలో కాగ్ పని చూసే ఏజీ ఆఫీసుకు వెళ్లాలి, అప్పుడు కాగ్ వాళ్లకు ఏ ఫైలు ముందు తియ్యాలో తెలుస్తుంది.

అటవీ శాఖ కింది సిబ్బంది దీన్ని తమ మీద అనుమానంగా తీసుకుంటారేమో. బీట్ ఆఫీసరు కష్టం నేను చూశాను. ఒక్క మనిషి చేతిలో కొండలకు కొండలు, రాత్రిళ్లు స్మగ్లర్ల టెన్షన్, పగలు ఫైళ్లు. నీళ్ల ట్యాంకరు డబ్బులు సమయానికి రాకపోవడం వల్ల మొక్క చచ్చిపోతే ఇప్పుడు నింద అతని మీదే పడుతోంది. గ్రామసభ ముందు లెక్క జరిగితే బడ్జెట్ ఎప్పుడు అడిగాడో, ఎప్పుడు వచ్చిందో కూడా బయటికొస్తుంది. నిజాయితీగా పనిచేసేవాడికి ఇది రక్ష.

ఇదంతా వచ్చేలోపు మనం చెయ్యగలిగింది ఒకటుంది. సమాచార హక్కు చట్టం కింద మీ దగ్గర్లోని ఒక తోటకు సంబంధించిన ప్లాంటేషన్ జర్నల్ (తోటలో చేసిన పనులు రాసే పుస్తకం) నకలు అడగండి. ఏ ఏడు నాటారు, ఏ జాతి ఎన్ని, ఎన్నిసార్లు గ్యాప్ ఫిల్లింగ్ జరిగింది, ఏ నెలలో లెక్కపెట్టారు అన్నవి విడివిడిగా అడగండి. తోట నాలుగు మూలల జీపీఎస్ కోఆర్డినేట్లు తప్పకుండా అడగండి. అవి ఉంటే ఫోను పట్టుకుని ఎవరైనా ఆ చోటికి నడిచి వెళ్లి చూసుకోవచ్చు, అవి లేకుండా ఇస్తే మొదటి అప్పీలుకు వెళ్లండి.